డైరెక్టరీ లిస్టింగ్‌కు డబ్బు కట్టాలా, వద్దా: బరంపురం ఖాతా పుస్తకాల్లోంచి ఒక పోలిక

ఏటా మార్చి నెలలో ఖాతాలు ముగించే వేళ, వ్యాపారుల లెక్కలు చూసే నా బల్ల మీదికి వచ్చే బిల్లుల్లో ఒక రకం బిల్లు ఈ మధ్య తప్పకుండా ఉంటోంది. పట్టుచీరల దుకాణం వారు దానిని ప్రకటనల పద్దు కింద రాస్తారు, గోపాల్‌పూర్‌లో లాడ్జి నడిపేవారు కమీషన్ల కింద రాస్తారు, కోర్టుపేటలో అప్పడాలు, ఊరగాయలు అమ్మే ఒక పెద్దాయన మాత్రం ‘ఫోన్‌లో పేరు రావడానికి’ అని తెలుగులోనే రాసి పంపుతారు. ఆయన రాసినదే నిజానికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. ఆన్‌లైన్ డైరెక్టరీలో దుకాణం పేరు, ఫోన్ నంబరు, వెబ్‌సైట్ చిరునామా పెట్టించుకోవడానికి కట్టిన డబ్బు అది. ఆ డబ్బుకు ఏం వచ్చిందని అడిగితే ‘ఏదో, పేరు ఉంటుంది కదండీ’ అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో వ్యాపారం చేసుకునే తెలుగువారికి ఈ ఎంపిక హైదరాబాద్ వ్యాపారికి ఉన్నంత సులువుగా ఉండదు. మన దుకాణాలకు వచ్చేవారిలో చాలామంది రాష్ట్రం గీతకు అవతల, ఆంధ్రలోని ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వైపు ఉంటారు. వారు తెలుగులో వెతుకుతారు. ఊరివారు ఒడియాలోనో ఇంగ్లీషులోనో వెతుకుతారు. డైరెక్టరీ సంస్థలేమో తమ ప్యాకేజీలను నగరం వారీగా అమ్ముతాయి. అందుచేత మహానగరాలను దృష్టిలో పెట్టుకుని చెప్పే సలహాలు ఇక్కడికి వచ్చేసరికి సగమే పనిచేస్తాయి.

డబ్బు సంచీ విప్పే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. లిస్టింగ్ అనే ఒకే మాట కింద మూడు వేర్వేరు సరుకులు అమ్ముడవుతున్నాయి. మొదటిది ఉనికి, అంటే వెతికినవారికి మన పేరు, చిరునామా, పనివేళలు, వెబ్‌సైట్ సరిగ్గా కనిపించడం. రెండోది ఎంక్వైరీ, అంటే ఫలానా వస్తువు కావాలని అడిగిన మనిషి నంబరు మన చేతికి రావడం. మూడోది లింకు, అంటే మన వెబ్‌సైట్‌ను గూగుల్‌లో పైకి తెస్తుందన్న ఆశతో ఇంకో వెబ్‌సైట్‌లో వేయించుకునే చిరునామా. నా అభిప్రాయం దాచుకోకుండా ముందే చెబుతాను: ఉనికికి డబ్బు కట్టనక్కరలేదు, ఎంక్వైరీకి కొందరు కట్టవచ్చు, లింకుకు ఎవరూ కట్టకూడదు. సేల్స్ మనిషి ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి ఒకే ధర చెబుతాడు కాబట్టి, మూట విప్పించి ఏది ఎంతకు ఇస్తున్నాడో అడగడమే కొనేవాడి మొదటి పని.

డబ్బు కట్టి డైరెక్టరీలో చేరడం ఒకప్పుడు తెలివైన పనే. 1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టిన యాహూ డైరెక్టరీలో మనుషులే వెబ్‌సైట్లను చూసి విభాగాల్లో పేర్చేవారు. వ్యాపార వెబ్‌సైట్లు అందులో ఉండటానికి ఏడాదికి 299 డాలర్లు తీసుకునేవారు, అదీ పరిశీలన రుసుమే తప్ప చేర్చుకుంటామన్న హామీ కాదు. 1998లో మొదలైన డీమాజ్ డైరెక్టరీని స్వచ్ఛంద సంపాదకులు నడిపేవారు, పైసా పుచ్చుకునేవారు కాదు. యాహూ డైరెక్టరీ 2014 చివర మూతపడింది, డీమాజ్ 2017 మార్చిలో ఆగిపోయింది. ఇప్పుడు వెతికేవారెవరూ విభాగాల మెట్లు ఒక్కొక్కటే దిగరు. కావలసిన మాట నేరుగా టైపు చేస్తారు, లేదా ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని అడుగుతారు. అయినా ‘డైరెక్టరీలో ఉంటే గూగుల్‌లో పైకి వస్తారు సార్’ అన్న ఆ కాలపు మాట నేటి సేల్స్ ఫోన్లలో ఇంకా బతికే ఉంది.

ఉచితంగా దొరికేది

దుకాణం ఉన్న ప్రతివారూ మొదట చేయవలసినది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో, దాని మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపించే పేజీ. దీనినే 2014 నుంచి 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు. ఇందులో చేరడానికి రుసుము లేదు, కొనసాగడానికీ లేదు. మ్యాప్‌లో ఎవరు ముందు కనిపించాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందని గూగుల్ చెబుతుంది: వెతికిన మాటకు మన వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికినవారికి మనం ఎంత దూరంలో ఉన్నాం, మనకు ఎంత పేరు ఉంది. ఈ స్థానాన్ని డబ్బుతో మార్చుకోవడం కుదరదని కూడా ఆ సంస్థే స్పష్టంగా రాసిపెట్టింది. కనుక ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్ రెన్యువల్‌కు ఇంత కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ సంభాషణను అక్కడితో ముగించవచ్చు.

మైక్రోసాఫ్ట్ వారి బింగ్ ప్లేసెస్ కూడా ఉచితమే, గూగుల్‌లో నింపిన వివరాలను అందులోకి నేరుగా తెచ్చుకోవచ్చు. ఆపిల్ మ్యాప్‌లో కనిపించడానికి ఆ సంస్థ 2023 జనవరిలో బిజినెస్ కనెక్ట్ పేరుతో తెచ్చిన సేవకూ రుసుము లేదు. ఐఫోన్‌లు వాడే పర్యాటకులు వచ్చే గోపాల్‌పూర్ లాడ్జీలకు ఇది అవసరం, బడా బజార్‌లోని కిరాణా కొట్టుకు అంతగా కాదు. ఈ మూడూ కలిపి ఒక ఆదివారం మధ్యాహ్నం పని.

ఆ మధ్యాహ్నం పనిలో శ్రద్ధ పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. గూగుల్‌లో పెట్టే పేరు దుకాణం బోర్డు మీద ఉన్న పేరే అయి ఉండాలి. పేరు చివర ‘బరంపురంలో నంబర్ వన్ పట్టుచీరలు’ అని తగిలించడం నిబంధనలకు విరుద్ధం, అలా చేసిన ప్రొఫైల్‌ను నిలిపివేసే అధికారం వారికి ఉంది. ధ్రువీకరణకు ఇప్పుడు తరచుగా వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, దుకాణం లోపలి భాగం ఒకే వరుసలో చూపించాలి కాబట్టి బోర్డు లేని ఇంటి వ్యాపారులు దీనికి ముందే సిద్ధపడాలి. ప్రధాన వర్గంతో పాటు మరో తొమ్మిది వర్గాలు ఎంచుకునే వీలున్నా, సరిపోయే రెండు మూడు చాలు. ఇంటింటికీ వెళ్లి పనిచేసే మెకానిక్, క్యాటరింగ్ వంటివారు సేవలందించే ప్రాంతాలుగా ఇరవై ఊళ్ల దాకా పెట్టుకోవచ్చు, వాటిలో ఇచ్ఛాపురం, సోంపేట కూడా ఉండవచ్చు. ఆ జాబితాకు రాష్ట్రం సరిహద్దు అడ్డు రాదు.

ఊరి పేరుతో వచ్చే చిక్కు

సరిహద్దు జిల్లాల్లో అసలు తలనొప్పి ఊరి పేరు దగ్గర మొదలవుతుంది. మనం బరంపురం అంటాం, ఒడియావారు బ్రహ్మపుర అంటారు, ఇంగ్లీషులో పాత స్పెల్లింగు ఒకటి, కొత్త స్పెల్లింగు ఒకటి వాడుకలో ఉన్నాయి. ఆ పాత స్పెల్లింగుకు ఒకటి రెండు అక్షరాల తేడాతో పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం ఉంది. జయపురాన్ని ఇంగ్లీషులో ఎంత జాగ్రత్తగా రాసినా రాజస్థాన్ జైపూర్ నీడ దాని మీద పడుతూనే ఉంటుంది. రాయగడకైతే రెండువైపుల నుంచీ పోటు: మహారాష్ట్రలో ఒక రాయగడ్, ఛత్తీస్‌గఢ్‌లో ఒక రాయ్‌గఢ్.

ఇది నవ్వుకుని వదిలేయవలసిన విషయం కాదని నాకు పైన చెప్పిన అప్పడాల పెద్దాయన వల్ల తెలిసింది. ఆయన డబ్బు కట్టిన ఒక డైరెక్టరీలో, ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, దుకాణాన్ని బెంగాల్ ఊరి కింద చేర్చారు. ఒక వేసవి అంతా ఆయనకు బెంగాలీలో ఫోన్లు వచ్చాయి. ‘మన అప్పడాల పేరు అంత దూరం పాకింది’ అని ఆయన సంబరపడ్డారు. సాయంత్రానికి అయిదు కిలోలు ఇంటికి పంపించమని అడిగేవారికి ఏం చెప్పాలో తెలియక తరువాత విసిగిపోయారు. ప్యాకేజీలో ఏడాదికి ఇన్ని ఎంక్వైరీలని లెక్క ఉంటే, అలాంటి ఫోన్లు కూడా ఆ లెక్కలోకే వెళ్తాయి.

దీనికి మందు చాలా చవక. చిరునామా ఎక్కడ ఇచ్చినా ఊరి పేరుతో ఆగకుండా జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్ రాయాలి. మన బరంపురం పిన్ 760తో మొదలవుతుంది, ముర్షిదాబాద్ ఊరిది 742తో. జయపురానిది 764, జైపూర్‌ది 302. ల్యాండ్‌లైన్ ఉంటే 0680 కోడ్ ఇంకొక సాక్ష్యం. ఊరి పేరుకు ఒక ఇంగ్లీషు స్పెల్లింగు ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడాలి. జీఎస్టీ ధ్రువపత్రంలో ఏది ఉంటే అది ఎంచుకోవడం నా అలవాటు, ఎందుకంటే ఎప్పుడైనా ధ్రువీకరణకు పత్రం అడిగితే పేచీ ఉండదు. తెలుగులో ‘బరంపురం పట్టుచీరలు’ అని వెతికేవారిని చేరడానికి డైరెక్టరీ చేసే సాయం తక్కువ. సొంత వెబ్‌సైట్‌లో ఒక్క పేజీ తెలుగులో రాయించుకోవడం వల్ల జరిగే మేలు ఎక్కువ.

వెబ్‌సైట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో ఆపేసింది. విజిటింగ్ కార్డుల మీద, పాత లిస్టింగుల్లో ఆ చిరునామాలు ఇంకా ఉన్నాయి. కుట్టుమిషన్ల దుకాణం వారొకరు మూతపడిన ఆ పేజీకి దారి చూపే లిస్టింగ్‌ను పూర్తి ధర కట్టి రెన్యువల్ చేయించుకున్నారు. కట్టే ముందు ఆ లింకును ఒక్కసారి నొక్కి చూసి ఉంటే సరిపోయేది.

ఎంక్వైరీలు అమ్మే డైరెక్టరీలు

ఇక డబ్బు కట్టే డైరెక్టరీల్లో రెండు జాతులున్నాయి. జస్ట్‌డయల్ 1996లో ముంబయిలో ఫోన్ ద్వారా నంబర్లు చెప్పే సేవగా మొదలై, 2013లో షేర్ మార్కెట్‌కు వెళ్లి, 2021లో రిలయన్స్ రిటైల్ చేతికి వచ్చింది. ఇంటి అవసరాల కోసం, దగ్గరలో ఉన్న సేవ కోసం వెతికేవారు ఇటువైపు వస్తారు. ఇండియామార్ట్ కూడా 1996లోనే మొదలైంది, 2019లో షేర్ మార్కెట్‌లో నమోదైంది. అక్కడ వెతికేది ఎక్కువగా టోకున కొనే వ్యాపారులు. రెండింటిలోనూ పేరు ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. డబ్బు కట్టేది ముందు వరుసలో కనిపించడానికి, ఎక్కువ ఎంక్వైరీలు అందుకోవడానికి.

కాబట్టి ఏ సంస్థ గొప్పదన్న ప్రశ్న నిష్ప్రయోజనం, మన సరుకును వెతికేవాడు ఎటు పోతాడన్నదే అసలు ప్రశ్న. గంజాం జిల్లా తీరంలో మొగలిపూలు బట్టీ పెట్టి అత్తరు తీసేవారిని తీసుకోండి. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు ఉంది, కొనేవారు మాత్రం కనౌజ్ వంటి దూరపు ఊళ్లలో ఉన్న సుగంధ వ్యాపారులు. అలాంటి వారికి ఊరి డైరెక్టరీలో మొదటి స్థానం వల్ల ఒరిగేదేమీ లేదు, టోకు డైరెక్టరీలో ఒక్క మంచి ఎంక్వైరీ ఏడాది ఖర్చును రాబట్టగలదు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివారికీ ఇదే వర్తిస్తుంది. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరలు టోకున వేసే నేత కుటుంబాలకు టోకు డైరెక్టరీ సరిపోతుంది, అదే చీరను పెళ్లివారికి చిల్లరగా అమ్మే దుకాణానికి సరిపోదు. పెళ్లి చీర కొనేవారు డైరెక్టరీ చూసి రారు. బంధువులను అడుగుతారు, మ్యాప్‌లో ఫోటోలు, రివ్యూలు చూసుకుంటారు, బండెక్కి వస్తారు. ఏసీ మెకానిక్, బోరు మోటారు బాగుచేసేవారు, సామాను తరలించేవారు, పెళ్లి భోజనాలవారు, ఇలా పరిచయం లేకపోయినా అప్పటికప్పుడు ఎవరో ఒకరు కావలసిన పనులకు మాత్రం ఊరి డైరెక్టరీ ఫోన్లు నిజంగానే ఉపయోగపడతాయి. నా ఖాతాదారుల్లో డబ్బు కట్టినందుకు సంతృప్తిగా ఉన్నది ఒక మోటార్ల మెకానిక్, ఒక క్యాటరింగ్ వారు. మిగిలినవారు అలవాటుగా కడుతున్నారు.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. ఏడాది ప్యాకేజీ 18,000 రూపాయలు అనుకుందాం. ఇది ఉదాహరణ కోసం నేను తీసుకున్న అంకె. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,240 కలిస్తే 21,240, అంటే నెలకు 1,770 రూపాయలు. చీర మీద 900 మిగిలే దుకాణానికి ఆ డైరెక్టరీ వల్ల నెలకు రెండు చీరలు అదనంగా అమ్ముడుపోవాలి. కిలో మీద 40 మిగిలే అప్పడాల వ్యాపారికి 45 కిలోల దాకా అదనంగా పోవాలి. ఒక ముహూర్తానికి 25,000 మిగిలే క్యాటరింగ్ వారికి ఏడాదిలో ఒక్క పెళ్లి వస్తే చాలు. ఇక్కడ ‘అదనంగా’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఎలాగూ వచ్చే మనిషి మన నంబరు కోసం డైరెక్టరీ తెరిస్తే, ఆ ఫోన్‌ను కూడా నెలవారీ నివేదికలో తమ ఖాతాలో వేసుకుంటారు. ఫోన్ల సంఖ్య చూపించే నివేదిక అబద్ధం కానక్కరలేదు, కానీ అది మన అమ్మకాల లెక్క కాదు.

అందుకని గల్లా పెట్టె పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, కొత్తగా ఫోన్ చేసిన ప్రతివారినీ ‘మా నంబరు ఎక్కడ దొరికిందండీ?’ అని అడిగి ఒక గీత గీయమంటాను. డైరెక్టరీ కోసం విడిగా ఒక సిమ్ తీసుకోమని కొందరు సలహా ఇస్తారు, లెక్క తేలడానికి అది మంచి పద్ధతే. అయితే రెండు నంబర్లు ఇంటర్నెట్‌లో తిరగడం మొదలుపెడితే, ఆ రెండో సిమ్ రీఛార్జి ఆగిన రోజున చనిపోయిన నంబరు అక్కడక్కడా మిగిలిపోతుంది. చిన్న దుకాణానికి నేను నోటుపుస్తకమే చాలంటాను. వెబ్‌సైట్ ఉన్నవారు డైరెక్టరీలో ఇచ్చే లింకు చివర ఒక గుర్తు చేర్పించుకుంటే, అక్కడి నుంచి ఎందరు వచ్చారో వెబ్‌సైట్ లెక్కల్లో విడిగా కనిపిస్తుంది. వెబ్‌సైట్ చేసినవారికి ఇది అయిదు నిమిషాల పని.

ఎంక్వైరీ డైరెక్టరీలలో సాధారణంగా ఒకే మనిషి అడిగిన విషయం పలువురు అమ్మకందారులకు ఒకేసారి చేరుతుంది. ముందు ఫోన్ చేసినవారికే బేరం దక్కే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించి, సాయంత్రం అయిదింటికి ఎంక్వైరీలు చూసే మన ఊళ్ల అలవాటుతో ఈ పద్ధతికి పొత్తు కుదరదు. టోకు కొనుగోలుదారులు ఎక్కువగా హిందీలో మాట్లాడతారు, ఇచ్ఛాపురం వారు తెలుగులో, ఊరివారు ఒడియాలో. ఫోన్ తీసే మనిషికి ఈ మూడింటిలో కనీసం రెండు రాకపోతే ఎంక్వైరీ మీద పెట్టిన డబ్బు వృథా. ఆ మనిషి దొరికేదాకా ప్యాకేజీ తీసుకోవద్దని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

సరిహద్దు వ్యాపారి ఇంకో ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి: నా పేరు ఏయే ఊళ్లలో, ఏయే పిన్‌కోడ్‌లలో వెతికేవారికి ముందు వరుసలో కనిపిస్తుంది? ‘బరంపురం అంతటా’ అన్న జవాబు వస్తే, మనకు కావలసిన కొనుగోలుదారుల్లో శ్రీకాకుళం జిల్లావారు అందులో లేరని అర్థం. వారి కోసం మరో ప్యాకేజీ తీసుకోవాలంటే పై లెక్కను రెట్టింపు చేసి చూసుకోవాలి.

ఇదే డబ్బును గూగుల్ ప్రకటనల మీద పెడితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. అక్కడ క్లిక్కుకు ఇంత అని కడతాం, రోజుకు ఇంతకు మించకూడదని పరిమితి పెట్టుకుంటాం, నచ్చకపోతే ఆ రోజే ఆపేస్తాం. మనలాంటి ఊళ్లకు దానిలో ఉన్న పెద్ద సౌకర్యం పరిధి: దుకాణం చుట్టూ ముప్పై, నలభై కిలోమీటర్లని గీసుకుంటే, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం దానంతట అదే లోపలికి వస్తుంది. తెలుగు ప్రకటనలు కూడా వేయవచ్చు. అయితే ప్రాంతం ఎంచుకునే చోట ‘ఆ ప్రాంతంలో ఉన్నవారు’ అన్నదానినే ఎంచుకోవాలి. ‘ఆ ప్రాంతంపై ఆసక్తి ఉన్నవారు’ కూడా చేరే ఎంపికే మామూలుగా పెట్టి ఉంటుంది; దానిని అలాగే వదిలేస్తే దూరపు ఊళ్ల క్లిక్కులకు కూడా మనమే కట్టుకుంటాం. వారానికోసారి కూర్చుని చూసే మనిషి ఉంటే ఏడాది ప్యాకేజీ కంటే ఇది మేలు. చూసే మనిషి లేకపోతే డబ్బు నీళ్లలా పోయేదీ దీనిలోనే.

ఎవరూ కొనకూడనివి

‘అయిదు వందల డైరెక్టరీలలో మీ వెబ్‌సైట్ నమోదు, మూడు వేలు మాత్రమే’ అన్న సందేశం వాట్సాప్‌లో రాని వ్యాపారి ఉండడు. ఆ డైరెక్టరీలను వెతకడానికి వాడే మనిషి ఒక్కడూ ఉండడు. అవి లింకులు అమ్మడానికే పుట్టాయి. గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ పేరుతో తెచ్చిన మార్పుతో ఇలాంటి లింకులపై ఆధారపడిన వెబ్‌సైట్లు కిందికి జారిపోయాయి. స్థానం పెంచుకోవడానికి లింకులు కొనడం, నాణ్యత లేని డైరెక్టరీలలో లింకులు పెట్టించడం స్పామ్ కిందికి వస్తాయని ఆ సంస్థ విధానాల్లో పేరు పెట్టి రాసి ఉంది. డబ్బు తీసుకుని ఇచ్చే లింకును ‘స్పాన్సర్డ్’ అని గుర్తించే పద్ధతిని 2019లో తెచ్చారు; లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే ‘నోఫాలో’ గుర్తు 2005 నుంచే ఉంది. అంటే నిజాయితీగా నడిచే డైరెక్టరీ డబ్బు తీసుకున్న లింకుకు ఈ గుర్తుల్లో ఏదో ఒకటి పెడుతుంది, దాని వల్ల స్థానం పెరగదు. గుర్తు పెట్టని డైరెక్టరీ నిబంధన తప్పుతోంది, దాని లింకు వల్ల మేలు కంటే కీడే ఎక్కువ.

నాకు దీనిలో ఎక్కువ కోపం తెప్పించేది వేరే ఉంది. మూడు వేలు పోతే పోయాయి. కానీ ఆ అయిదు వందల పేజీల్లో మన పాత ఫోన్ నంబరు, తప్పు పిన్‌కోడ్, ఒకచోట బరంపురం, మరోచోట బెంగాల్ అన్నట్లు చిందరవందరగా మిగిలిపోతాయి. వాటిని సరిచేయించడానికి రాసే మెయిల్‌కు జవాబు ఇచ్చేవారు ఉండరు.

దీనికి తోడబుట్టినది ఇన్‌వాయిస్‌లా కనిపించే మెయిల్. డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, కొన్న కొద్ది రోజులకే, ‘మీ డొమైన్ సెర్చ్ ఇంజిన్ నమోదు గడువు ముగుస్తోంది’ అని డాలర్లలో మొత్తం వేసి పంపుతారు. సెర్చ్ ఇంజిన్‌లో వెబ్‌సైట్ ఉండటానికి రుసుము అన్నదే లేదు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సైట్‌మ్యాప్, అంటే మన పేజీల జాబితా, ఉచితంగా ఇవ్వవచ్చు. డొమైన్‌కు ఏటా కట్టవలసినది దానిని మనకు అమ్మిన సంస్థకు మాత్రమే. ఈ మెయిల్ ప్రింటు తీసి నా దగ్గరికి బిల్లుగా పంపినవారు ఇద్దరున్నారు, ఒకరు అప్పటికే కార్డుతో కట్టేశారు.

కాగితం మీద సంతకం

ప్యాకేజీ తీసుకోవాలనే నిర్ణయించుకున్నవారికి లెక్కలవాడిగా చెప్పదగినవి నాలుగు మాటలున్నాయి. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండాలి. ఒడిశాలో నమోదైనది 21తో మొదలవుతుంది, ఇచ్ఛాపురంలో కూడా శాఖ ఉండి ఆంధ్ర నమోదు ఉన్నవారిది 37తో. ఏ దుకాణం కోసం ఖర్చు పెట్టారో ఆ నంబరే వేయించాలి. సాధారణ పద్ధతిలో పన్ను కట్టేవారికి ఆ 18 శాతం ఇన్‌పుట్ కింద, కట్టవలసిన జీఎస్టీలో సర్దుబాటవుతుంది. చిన్న వ్యాపారులకు ఉన్న కాంపొజిషన్ పద్ధతిలో పన్ను కట్టేవారికి, అసలు నమోదే లేనివారికి అది పూర్తిగా చేతి ఖర్చే కాబట్టి, ధరను ఎప్పుడూ పన్నుతో కలిపి పోల్చాలి.

నెలనెలా ఖాతాలోంచి తీసుకునే అనుమతి అడిగితే, అది యూపీఐ ఆటోపేనా, బ్యాంకు నాచ్ మాండేటా అన్నది తెలుసుకోవాలి. యూపీఐ, కార్డుల విషయంలో డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, యూపీఐ యాప్‌లోనే మనం దానిని రద్దు చేసుకోవచ్చు. నాచ్ అయితే రద్దు బ్యాంకు ద్వారా చేయించుకోవాలి. సేల్స్ మనిషికి ఫోన్‌లో ‘వద్దులే బాబూ’ అని చెప్పినంత మాత్రాన మాండేటు ఆగదు. వద్దన్న తరువాత ఎనిమిది నెలలు డబ్బు పోయిన ఖాతా ఒకటి నేనే చూశాను. వివాదం వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వ్యాపారం కోసం కొన్న సేవ సాధారణంగా వినియోగదారుల చట్టం కిందికి రాదు గానీ, సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసమే కొన్నవారికి 2019 చట్టంలో ఉన్న మినహాయింపు వస్తువుల గురించే చెబుతుంది, సేవల మాట అందులో లేదు. ఒంటరిగా దుకాణం నడుపుకునే మెకానిక్ ఆ దారి తనకు ఉందో లేదో ముందు న్యాయవాదిని అడగాలి.

కాలవ్యవధి విషయంలో నా సలహా ఏడాది తీసుకోవద్దని. మూడు నెలలకు ఇస్తారా అని అడగండి, ధర కొంచెం ఎక్కువైనా ఒప్పుకోండి, ఆ మూడు నెలల్లో మీ వ్యాపారానికి రద్దీ ఉండే నెల ఒకటి ఉండేలా చూసుకోండి. క్యాటరింగ్ వారు పెళ్లి ముహూర్తాల కాలంలో, లాడ్జివారు పూజా సెలవులు, డిసెంబరు కలిసేలా, మోటార్ల మెకానిక్ ఎండాకాలంలో మొదలుపెడితే, ఆ నోటుపుస్తకంలోని గీతలే రెన్యువల్ సంగతి తేలుస్తాయి. రద్దీ నెలలోనే గీతలు పడకపోతే మిగిలిన నెలల గురించి ఆలోచించనక్కరలేదు.

ఒప్పందంలో చివరగా చూడవలసినది ఫోన్ నంబరు. కొన్ని డైరెక్టరీలు మన సొంత నంబరుకు బదులు తమ నంబరు ఒకటి చూపించి, దానికి వచ్చిన ఫోన్లను మనకు మళ్లిస్తాయి. ప్యాకేజీ ముగిశాక ఆ నంబరుకు వచ్చే ఫోన్లు ఎటు పోతాయో సంతకానికి ముందే రాయించుకోవాలి. ప్యాకేజీ మానేసే రోజున లిస్టింగ్‌లో సొంత నంబరు, సొంత వెబ్‌సైట్ చిరునామా తిరిగి పెట్టించుకుని, వేరొకరి ఫోన్‌లో ఒకసారి వెతికి, నంబరు నొక్కి, మన దుకాణంలోనే మోగుతోందో లేదో విని చూడాలి.